సెలవుకు వెళ్లిన దీవిలో జబ్బు చేస్తే

కరీబియన్ సముద్రంలోని సెయింట్ మార్టిన్ దీవి మన మండలాల్లో చాలావాటికంటే చిన్నది. అంతా కలిపి 87 చదరపు కిలోమీటర్లు. ఉత్తర భాగం ఫ్రాన్స్‌ది, దక్షిణ భాగం నెదర్లాండ్స్ రాజ్యంలోని సింట్ మార్టెన్‌ది. 1648లో ఒప్పందం రాసుకుని పంచుకున్నారు. మధ్యలో కంచె లేదు, తనిఖీ లేదు. దేశం మారిన సంగతి రోడ్డు పక్కన బోర్డు చూస్తేనే తెలుస్తుంది. ఒంట్లో బాగోలేనప్పుడు మాత్రం ఆ గీత ఎక్కడుందో బాగా తెలిసొస్తుంది. జర్మనీ నుంచి వచ్చిన పర్యాటకుడికి ఫ్రెంచ్ వైపు మారిగోలో కాలు విరిగితే జేబులోని యూరోపియన్ ఆరోగ్య బీమా కార్డు చెల్లుతుంది. ఆ భాగం యూరోపియన్ యూనియన్‌లోనిది కాబట్టి. పది కిలోమీటర్లు కూడా లేని ఫిలిప్స్‌బర్గ్‌లో అదే కాలు విరిగితే ఆ కార్డు పనికిరాదు. అమెరికా నుంచి వచ్చిన వృద్ధుడికి మెడికేర్ ఈ రెండు వైపులా అక్కరకు రాదు. పడమటి దిక్కున ఉన్న సెయింట్ థామస్ అమెరికా వర్జిన్ దీవుల్లో ఒకటి కనుక అక్కడ వర్తిస్తుంది.

కరీబియన్ పర్యాటకుల వైద్యం గురించి జరిగే చర్చ ఎందుకింత చిక్కుపడిందో ఈ ఒక్క దీవిని చూస్తే అర్థమవుతుంది. ఒకరు ఆసుపత్రి గురించి మాట్లాడుతుంటే ఇంకొకరు బీమా గురించి, మరొకరు విమానం గురించి, వేరొకరు స్థానికుల హక్కు గురించి మాట్లాడుతున్నారు. నిజానికి ఇవి వేర్వేరు ప్రశ్నలు. చికిత్స దీవిలో దొరుకుతుందా అన్నది ఒకటి. దానికి డబ్బు ఎవరు కడతారన్నది రెండోది. బయటివాడికి ఇచ్చిన మంచం స్థానికుడికి లేకుండా పోతోందా అన్నది మూడోది. ఒకదానికి చెప్పాల్సిన జవాబును ఇంకొకదానికి చెప్పడం వల్లే వాదన తెగడం లేదు.

చర్చ ఎంత పెద్దదో అంకెలు చెబుతాయి. కరీబియన్ టూరిజం ఆర్గనైజేషన్ లెక్క ప్రకారం 2019లో ఆ ప్రాంతానికి వచ్చి రాత్రి బస చేసిన పర్యాటకులు సుమారు 3.15 కోట్లు. క్రూజ్ ఓడల మీద వచ్చి పగలు చూసి పోయినవి మరో 3 కోట్ల సందర్శనలు. కేమన్ దీవుల జనాభా ఇప్పటికీ లక్షకు చేరలేదు. అదే ఏడాది అక్కడ బస చేసినవారు 5 లక్షల పైన, ఓడల మీద వచ్చినవారు 18 లక్షల పైన. ఇంతమందిలో గుండెపోటు వచ్చేవారు, స్కూటర్ మీంచి పడేవారు, ఈతకు దిగి మునిగేవారు ఉంటారు. ప్రయాణంలో సంభవించే మరణాలకు ప్రధాన కారణాలు గుండె జబ్బులు, ప్రమాదాలే. అంటువ్యాధులను తలచుకుని భయపడినంతగా జనం వీటి గురించి భయపడరు.

ఆరోగ్యం కోసం వెళ్లిన కాలం

ఒకప్పుడు ఈ దీవులకు జబ్బు నయం చేసుకోవడానికే వెళ్లేవారు. 1751లో 19 ఏళ్ల జార్జ్ వాషింగ్టన్ క్షయతో బాధపడుతున్న అన్న లారెన్స్‌కు తోడుగా బార్బడోస్ చేరాడు. సముద్రగాలి ఊపిరితిత్తులకు మంచిదని ఆశ. అన్నకు నయం కాలేదు, మరుసటి ఏడాది చనిపోయాడు. తమ్ముడికి ఆ దీవిలోనే మశూచి సోకింది. మంచం పట్టి, స్థానిక వైద్యుడి చికిత్సతో కోలుకుని లేచాడు. ఆ విధంగా వచ్చిన రోగనిరోధకశక్తి తరువాతి యుద్ధకాలంలో అతన్ని కాపాడిందని చరిత్రకారులు రాశారు. 1778లో నీవిస్ దీవిలో వేడినీటి ఊటల పక్కన బాత్ హోటల్ కట్టారు. సంపన్నులు కీళ్లనొప్పులకు స్నానాలు చేయడానికి వచ్చేవారు. ఆ సంపద చెరకు తోటల్లో బానిసలుగా మగ్గిన ఆఫ్రికన్ల చెమటది. వాళ్లకు దొరికిన వైద్యం తోట యజమాని లాభనష్టాల లెక్కలో ఒక పద్దు. అతిథికి ఒక వైద్యం, దీవి మనిషికి మరో వైద్యం అనే తేడా ఇవాళ్టిది కాదని గుర్తుంచుకోవాలి. ఈ చర్చలో స్థానికుల గొంతు అంత తీవ్రంగా ఎందుకు వినిపిస్తుందో అప్పుడే అర్థమవుతుంది.

తరువాతి శతాబ్దం పచ్చజ్వరానిది. దోమే దాన్ని మోస్తుందని 1881లో హవానా వైద్యుడు కార్లోస్ ఫిన్లే ప్రతిపాదించాడు. 1900లో వాల్టర్ రీడ్ బృందం అక్కడే దాన్ని నిరూపించింది. దోమల అదుపు, 1930లలో వచ్చిన టీకా కలిసి ఈ తీరాలను పర్యాటకానికి తెరిచాయి. జెట్ విమానాలు వచ్చాయి, దీవులు ఒకటొకటిగా స్వతంత్రమయ్యాయి, కొత్త ప్రభుత్వాలు ఆసుపత్రులు కట్టుకున్నాయి. బ్రిడ్జ్‌టౌన్‌లోని క్వీన్ ఎలిజబెత్ ఆసుపత్రి 1964లో తెరిచారు, బార్బడోస్ స్వాతంత్ర్యానికి రెండేళ్ల ముందు. ఈ ఆసుపత్రులను దీవి జనాభాను లెక్కలోకి తీసుకుని కట్టారు. హోటళ్లను మాత్రం ప్రపంచాన్ని లెక్కలోకి తీసుకుని కట్టారు. సమస్యకు మూలం అక్కడుంది.

డబ్బు: బీమావాదులు, ఒప్పందవాదులు

మొదటి వర్గం మాట సూటిగా ఉంటుంది. వచ్చేవాడు తన వైద్యానికి తానే పూచీ పడాలి, అందుకు బీమా తప్పనిసరి చేయాలి. క్యూబా 2010 మే 1 నుంచి విదేశీ పర్యాటకులకు వైద్య బీమా తప్పనిసరి చేసింది. కోవిడ్ కాలంలో అరూబా తన సందర్శకులందరూ దీవి పేరుతోనే ఉన్న బీమా కొనాలని నిబంధన పెట్టింది. బహామాస్, టర్క్స్ అండ్ కైకోస్, సింట్ మార్టెన్ తమ తమ పద్ధతుల్లో అదే దారి పట్టాయి. మహమ్మారి తగ్గాక ఈ కోవిడ్‌కాలపు నిబంధనలు ఎత్తేశారు. పోటీ దీవి బీమా అడగనప్పుడు తాము అడిగితే పర్యాటకుడు అటు పోతాడన్న భయం ప్రభుత్వాలకు ఉంది. ఈ భయం వల్లే బీమావాదం క్యూబా బయట స్థిరపడలేకపోతోంది.

బీమా చేతిలో ఉంటే చాలునా? పాలసీ పత్రంలో చిన్న అక్షరాల్లో ఉన్న మినహాయింపులు అసలు చోట అడ్డుపడతాయి. ముందునుంచీ ఉన్న జబ్బు, మద్యం తాగి ఉండడం, మోటారు సైకిల్, నిర్ణీత లోతు దాటిన స్కూబా డైవింగ్ — విహారయాత్రలో జరిగే ప్రమాదాల్లో పెద్ద భాగం వీటితోనే ముడిపడి ఉంటాయి. పాలసీ చెల్లినా చాలా ప్రైవేటు ఆసుపత్రులు ముందు డిపాజిట్ అడుగుతాయి, క్లెయిమ్ తరువాత చూసుకోమంటాయి. అమెరికా విదేశాంగ శాఖ తన పౌరులకిచ్చే సూచనల్లో ఈ ముందస్తు చెల్లింపు గురించి పదేపదే హెచ్చరిస్తుంది. మెడికేర్ ఉన్న వృద్ధులు అదనంగా కొనే మెడిగ్యాప్ పాలసీల్లో కొన్ని విదేశీ అత్యవసర ఖర్చులో 80 శాతం ఇస్తాయి. అయితే దానికి జీవితకాల పరిమితి 50,000 డాలర్లు. ఒక్క ఎయిర్ అంబులెన్స్ ప్రయాణం అందులో పెద్ద ముక్క మింగేయగలదు.

రెండో వర్గం ప్రభుత్వాల మధ్య ఒప్పందాలను నమ్ముతుంది. నీ మనిషిని నేను చూస్తాను, నా మనిషిని నువ్వు చూడు అన్న పద్ధతి. బ్రిటన్‌కు ఆంగ్విల్లా, బ్రిటిష్ వర్జిన్ దీవులు, మాంట్‌సెరాట్, టర్క్స్ అండ్ కైకోస్‌లతో ఇలాంటి ఏర్పాట్లు ఉన్నాయి. అదే బ్రిటన్ పాలనలోని కేమన్ దీవులతో లేదు. ఫ్రెంచ్ దీవులైన గ్వాడెలూప్, మార్టినిక్‌లలో యూరోపియన్ కార్డు చెల్లుతుంది. డచ్ కరీబియన్‌లో చెల్లదు. ఈ వర్గానికి ఇటీవల కొత్త బలం వచ్చింది. 2025 అక్టోబర్ 1 నుంచి బార్బడోస్, బెలీజ్, డొమినికా, సెయింట్ విన్సెంట్ అండ్ గ్రెనడీన్స్ తమ పౌరులు ఒకరి దేశంలో ఒకరు స్వేచ్ఛగా ఉండేలా ఒప్పుకున్నాయి. అందులో ప్రాథమిక, అత్యవసర వైద్యం కూడా ఉంది. సంఖ్యలో చిన్న అడుగే, కానీ ఈ ప్రాంతం తనకు తాను రాసుకున్న అడుగు. ఆ విలువ దానికి ఉంది.

రెండు వర్గాల్నీ పక్కపక్కన పెడితే తేడా ఇది. బీమా ప్రతి పర్యాటకుడికీ అందుబాటులో ఉంటుంది, కానీ అవసరం వచ్చిన క్షణంలో బేరానికి దిగుతుంది. ఒప్పందం ఆ క్షణంలో నమ్మకంగా నిలబడుతుంది, కానీ సరైన పాస్‌పోర్ట్ ఉన్నవాడికే. పైగా ఈ ఒప్పందాలు దాదాపు అన్నీ పాత వలస సంబంధాల దారుల వెంటే నడుస్తున్నాయి. భారతీయుడు, నైజీరియన్, ఫిలిపినో ఆ దారుల్లో ఎక్కడా లేరు.

దీవిలోనే పెద్ద ఆసుపత్రి కట్టాలా?

మూడో వర్గం ఈ బేరాలన్నీ పక్కనపెట్టి నాణ్యమైన వైద్యాన్ని దీవికే తెమ్మంటుంది. ఇందులో రెండు భిన్నమైన నమూనాలున్నాయి. క్యూబాలో హవానాలోని సీరా గార్సియా క్లినిక్ విదేశీయుల కోసమే నడుస్తుంది. వారు కట్టే విదేశీ మారకం మొత్తం వ్యవస్థకు ఉపయోగపడుతుందన్నది ప్రభుత్వ వాదన. అక్కడ దొరికే మందు పక్కవీధి పాలిక్లినిక్‌లో దొరకనప్పుడు ఆ వాదన ఎవరి చెవికీ ఎక్కదన్నది విమర్శకుల మాట. రెండు మాటల్లోనూ నిజముంది. క్యూబా ఆర్థిక పరిస్థితి దిగజారే కొద్దీ రెండో మాటకు బరువు పెరుగుతోంది.

ఇంకో నమూనా మనకు దగ్గరిది. బెంగళూరుకు చెందిన డాక్టర్ దేవీ శెట్టి స్థాపించిన నారాయణ హెల్త్ 2014లో గ్రాండ్ కేమన్ తూర్పు కొసన హెల్త్ సిటీ కేమన్ ఐలాండ్స్ తెరిచింది. అమెరికాకు చెందిన అసెన్షన్ అప్పుడు భాగస్వామి, తరువాత తప్పుకుంది. మొదలుపెట్టినప్పుడు 104 పడకలు. క్రమంగా రెండువేల పడకలకు పెంచుతామని ప్రణాళిక. భారతీయ వైద్య పట్టాలను గుర్తించేలా, వైద్య నిర్లక్ష్యం కేసుల్లో పరిహారానికి పరిమితి ఉండేలా కేమన్ ప్రభుత్వం చట్టాలు సవరించింది. మయామీ నుంచి గంటన్నర కూడా పట్టని దూరం కాబట్టి గుండె ఆపరేషన్లకు అమెరికన్లు బారులు తీరతారని అంచనా. అమెరికా బీమా కంపెనీలు తమ పాలసీదారులను అలా పంపలేదు. ఆసుపత్రి మాత్రం మూతపడలేదు. కేమన్ వాసులకు, చుట్టుపక్కల దీవుల రోగులకు, దీవికి వచ్చి గుండెపోటు తెచ్చుకున్న పర్యాటకులకు అది దిక్కయింది. తరువాత కమానా బేలో రెండో ప్రాంగణం కూడా కట్టారు.

ఈ అనుభవం నుంచి తీయాల్సిన పాఠం చర్చలో పాల్గొనేవారు తరచూ చెప్పేదానికి భిన్నమైనదని నా అభిప్రాయం. వైద్య పర్యాటకం విఫలమైందని ఒక పక్షం, విజయవంతమైందని మరో పక్షం అంటాయి. వాస్తవానికి అది ఉద్దేశించిన పనిలో వెనకబడి, ఉద్దేశించని పనిలో నిలబడింది. స్థానికుడికి కూడా తలుపు తెరిచి ఉంది కాబట్టే రోగులు తగినంతమంది దొరికారు. రోగులు ఉన్నారు కాబట్టే సర్జన్లు అక్కడ నిలిచారు. ఏడాదికి నాలుగు ఆపరేషన్లు చేసే సర్జన్ చేతికి పదును ఉండదు. పర్యాటకుడి కోసమే కట్టిన ఆసుపత్రి పర్యాటకుడికి కూడా మంచిది కాదని అనడానికి ఇంతకంటే బలమైన ఆధారం అక్కర్లేదు. అదే కేమన్ దీవుల్లో, కేమన్ బ్రాక్‌లోని ఫెయిత్ ఆసుపత్రి చిన్నది. లిటిల్ కేమన్‌లో ఉన్నది ఒక క్లినిక్. ఒకే జెండా కింద మూడు దీవులు, మూడు స్థాయిల వైద్యం.

డైవింగ్ ప్రమాదాలు ఈ వర్గానికి బలమైన ఆయుధం. లోతునుంచి వేగంగా పైకొచ్చినప్పుడు రక్తంలో నత్రజని బుడగలు కట్టడాన్ని డైవర్లు బెండ్స్ అంటారు. దానికి చికిత్స అధిక పీడనంలో ఆక్సిజన్ ఇచ్చే హైపర్‌బారిక్ గది. ఈ రోగిని మామూలు ఎత్తులో విమానంలో తీసుకెళ్తే బుడగలు పెద్దవై పరిస్థితి విషమిస్తుంది. కనుక గది దగ్గర్లోనే ఉండాలి, విమానం ఎక్కించక తప్పకపోతే అది బాగా కిందుగా ఎగరాలి. గ్రాండ్ కేమన్‌లో, బొనేర్‌లో ఇలాంటి గదులున్నాయి. 1980లో మొదలైన డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ ఏ గది ఎక్కడ పనిచేస్తోందో చూసి రోగిని అక్కడికి పంపే పని చేస్తుంది. డబ్బు, జ్ఞానం, సామగ్రి మూడింటినీ ఒకేచోట కలిపిన ఏర్పాటు ఈ మొత్తం రంగంలో ఇంత చక్కగా మరొకటి లేదు. గుండెపోటు రోగికి, పక్షవాతం రోగికి ఇలాంటిది ఎందుకు లేదన్న ప్రశ్న అడిగి తీరాలి.

విమానమే ఆసుపత్రి

నాలుగో వర్గం పెద్దగా వాదించదు, కానీ ఆచరణలో గెలిచేది ఎక్కువగా అదే. దీవిలో రోగి పరిస్థితిని నిలకడకు తెచ్చి, పెద్ద ఊరికి విమానంలో పంపడం దాని పద్ధతి. ఫ్రెంచ్ సెయింట్ మార్టిన్‌లోని లూయీ కాన్‌స్టాంట్ ఫ్లెమింగ్ ఆసుపత్రి నుంచి గ్వాడెలూప్‌కు, బొనేర్ నుంచి క్యూరసావ్‌కు లేదా కొలంబియాకు, ఆంగ్ల దీవుల నుంచి బార్బడోస్‌కు, మార్టినిక్‌కు, మయామీకి. ఖర్చు పదుల వేల డాలర్లు. డబ్బు ఉన్నా కాలం చాలదు. మెదడులో రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చినప్పుడు గడ్డ కరిగించే మందు నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. ఫ్లోరిడా నుంచి విమానం బయల్దేరి తూర్పు కరీబియన్ చేరడానికే మూడు గంటలు దాటుతుంది. బీమా అనుమతి, అంబులెన్స్, తిరుగు ప్రయాణం కలుపుకుంటే ఆ గడువు ఎప్పుడో దాటిపోతుంది. అందుకే దీవిలోనే ఒక సీటీ స్కాన్, దాన్ని దూరం నుంచి చదివే నిపుణుడు, మందు ఇచ్చే ధైర్యమున్న డ్యూటీ డాక్టర్ ఉండాలి. విమానం ఆ తరువాతి మాట.

ఈ వర్గం గురించి రాసేవారు దాదాపుగా అమెరికన్, యూరోపియన్ ప్రయాణికులనే దృష్టిలో పెట్టుకుంటారు. భారతీయ పాస్‌పోర్ట్‌తో వెళ్లేవారికి ఇందులో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. బార్బడోస్, జమైకా, డొమినికా వంటి దేశాలు భారతీయులను వీసా లేకుండానే రానిస్తాయి. అక్కడ ప్రాణం మీదికి వస్తే పంపే చోటు మాత్రం తరచూ మయామీ, అక్కడికి అమెరికా వీసా కావాలి. అత్యవసర మినహాయింపులకు దారి ఉంది గానీ దానికీ సమయం పడుతుంది. మన దగ్గర అమ్మే ప్రయాణ బీమాల్లో అమెరికా, కెనడా మినహాయించినవి చవగ్గా వస్తాయి. కరీబియన్‌కే కదా వెళ్తున్నాం అని అదే కొంటే, మయామీ ఆసుపత్రి బిల్లుకు అది నిలబడదు. అమెరికాలో ఉన్న తెలుగు పిల్లలు చూడ్డానికొచ్చిన అమ్మానాన్నల్ని క్రూజ్ ఎక్కించడం ఇప్పుడు మామూలైంది. వాళ్లకోసం కొన్న సందర్శకుల బీమా అమెరికా గడ్డ దాటాక ఎంతవరకు చెల్లుతుందో, ముందునుంచీ ఉన్న బీపీ, షుగర్ వల్ల వచ్చే ఉపద్రవాన్ని కలుపుతుందో లేదో ఓడ ఎక్కకముందే చదివి చూసుకోవాలి.

మరో చిన్న విషయం. భారత ప్రభుత్వం పచ్చజ్వరం ఉన్న దేశాల జాబితాలో ట్రినిడాడ్‌ను ఉంచింది. అక్కడినుంచి ఆరు రోజుల్లోపు టీకా ధ్రువపత్రం లేకుండా తిరిగొస్తే ఇక్కడ క్వారంటైన్‌లో ఉంచుతారు. టీకా వేసుకున్న పది రోజులకు గాని పత్రం చెల్లుబాటు కాదు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. 2016 నుంచి ఆ పత్రం జీవితకాలం చెల్లుతుంది.

ఓడ మీది వైద్యుడు

క్రూజ్ ఓడల వ్యవహారం వేరుగా చూడాలి. వందమంది లేదా అంతకంటే ఎక్కువమంది ఉండి మూడు రోజులు దాటే అంతర్జాతీయ ప్రయాణం చేసే ఓడలో అర్హుడైన వైద్యుడు ఉండాలని 2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందం చెబుతోంది. అమెరికా అత్యవసర వైద్యుల సంఘం మార్గదర్శకాలు రాసింది, వాటిని పాటించడం ఐచ్ఛికం. ఓడ వైద్యుడి పొరపాటుకు ఓడ యజమాని బాధ్యుడు కాడని అమెరికా కోర్టులు చాలాకాలం అంటూ వచ్చాయి. ఒడ్డున పడిపోయి తలకు దెబ్బ తగిలిన ఒక వృద్ధుడి కేసులో 2014లో 11వ సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ పాత సూత్రాన్ని పక్కనపెట్టి, కంపెనీని బాధ్యురాలిగా నిలబెట్టవచ్చంది. ఫ్లోరిడా ఆ కోర్టు పరిధిలో ఉంది, పెద్ద క్రూజ్ కంపెనీల కార్యాలయాలు ఫ్లోరిడాలో ఉన్నాయి. కాబట్టి ఆ తీర్పు ప్రభావం తక్కువేమీ కాదు.

ఓడలో ఐసీయూ ఉన్నా అది తాత్కాలికమే. విషమిస్తే తరువాతి రేవులో రోగిని దింపేస్తారు. ఆ రేవు చిన్న దీవి కావచ్చు. ఒక్క ఉదయం ఐదారువేల మందిని మోసుకొచ్చిన ఓడ సాయంత్రానికి వెళ్లిపోతుంది, వెంటిలేటర్ మీద ఉన్న ఒక మనిషి దీవిలో మిగులుతాడు. గ్రాండ్ కేమన్‌లో పెద్ద ఓడలు ఆగే వార్ఫు లేదు, చిన్న పడవల్లో జనాన్ని ఒడ్డుకు తెస్తారు. రోగినీ అంతే. వార్ఫు కట్టాలా వద్దా అన్నదాని మీద 2025 ఏప్రిల్‌లో ఓటింగ్ జరిగితే ఎక్కువమంది వద్దన్నారు. చర్చ నడిచింది పగడపు దిబ్బల గురించి, గుంపుల గురించి. స్ట్రెచర్‌ను పడవలోకి దించే సంగతి అందులో వినపడలేదు.

2020 మార్చిలో బ్రేమర్ అనే క్రూజ్ ఓడలో కోవిడ్ తేలింది. బహామాస్‌లో నమోదైన ఆ ఓడను బహామాస్ తన రేవుకు రానివ్వలేదు. ఇంకా కొన్ని దీవులు కూడా నిరాకరించాయి. చివరికి క్యూబా మారియెల్ రేవు తెరిచి, ప్రయాణికులను విమానాల్లో ఇంటికి పంపే ఏర్పాటుకు ఒప్పుకుంది. ప్రజారోగ్యం పేరుతో ఓడను రేవుకు రాకుండా ఆపకూడదని అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు చెబుతాయి, తగిన వసతి లేని రేవు మాత్రం వేరే చోటికి పొమ్మనవచ్చని మినహాయిస్తాయి. చిన్న దీవులు ఆ మినహాయింపు వెనక నిలబడ్డాయి. వాటిని నిందించడం సులువు. రెండు మూడు వెంటిలేటర్లున్న దీవి ఆ రోజుల్లో ఎవరిని కాపాడాలో తేల్చుకోవాల్సి వచ్చింది.

తుఫాను రోజు

ఈ నాలుగు వర్గాల వాదనలూ ఒక్క రాత్రిలో కొట్టుకుపోయే సందర్భం ఉంది. 2017 సెప్టెంబర్ 6న ఇర్మా తుఫాను సెయింట్ మార్టిన్ రెండు వైపులనూ ఒకేలా చితక్కొట్టింది. ఆ గీతను గాలి పట్టించుకోలేదు. విమానాశ్రయం అక్టోబర్ 10 దాకా వాణిజ్య విమానాలకు తెరవలేదు. రెండు వారాల తేడాతో మరియా తుఫాను డొమినికాను, అమెరికా వర్జిన్ దీవులను కూల్చింది. సెయింట్ థామస్, సెయింట్ క్రాయ్ ఆసుపత్రులు దెబ్బతిని రోగులను బయటకు తరలించారు. డొమినికాలో దశాబ్దాలుగా ఉన్న రాస్ వైద్య విశ్వవిద్యాలయం చివరికి బార్బడోస్‌కు వెళ్లిపోయింది. 2024 జూన్ 29న బ్రిడ్జ్‌టౌన్‌లో టీ20 ప్రపంచకప్ గెలిచిన భారత జట్టు బెరిల్ తుఫాను వల్ల విమానాలు లేక అక్కడే చిక్కుకుపోయిన సంగతి మన పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అదే బెరిల్ జూలై 1న కరియాకూ దీవిలోని ఒకే ఒక్క ఆసుపత్రిని ధ్వంసం చేసింది. 2025 అక్టోబర్ 28న మెలిసా తుఫాను జమైకాను తాకి బ్లాక్ రివర్ ఆసుపత్రిని పాడుచేసింది.

విమానం ఎగరనిచోట తరలింపు వాదానికి అర్థం లేదు, ఫోన్ మోగనిచోట బీమాకు అర్థం లేదు. ఆ రోజు మిగిలేది గోడ, జనరేటర్, నీళ్లట్యాంకు, డ్యూటీలో ఉన్న నర్సు. పాన్ అమెరికన్ హెల్త్ ఆర్గనైజేషన్ బ్రిటన్ నిధులతో చేపట్టిన స్మార్ట్ ఆసుపత్రుల కార్యక్రమం ఈ గోడల సంగతి పట్టించుకుంది. సెయింట్ విన్సెంట్‌లోని జార్జ్‌టౌన్‌లో, సెయింట్ కిట్స్‌లోని పాగ్‌సన్‌లో మొదటి నమూనాలు చేసి చూపించింది. పర్యాటక ప్రచారాల్లో ఆ ఆసుపత్రుల ఫొటో ఒక్కటీ కనపడదు. కనపడాలి.

తేలనివి

మూడో ప్రశ్నకు, అంటే స్థానికుడి మంచం సంగతికి, తృప్తికరమైన జవాబు ఏ వర్గం దగ్గరా లేదు. జమైకా 2008లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో తన ప్రజలకు ఫీజులు రద్దు చేసింది. పర్యాటకుడు కట్టాలి. అతను కట్టే డబ్బు ఆసుపత్రికి ఆదాయం, కానీ అతను ఆక్రమించే నర్సు సమయం డబ్బుతో కొనలేనిది. అక్కడి నర్సులు బ్రిటన్‌కు, అమెరికాకు, కెనడాకు వెళ్లిపోతున్నారు. ఆ ఖాళీల్లో చాలాచోట్ల క్యూబా వైద్యులు, నర్సులు పనిచేస్తూ వచ్చారు. 2025 ఫిబ్రవరిలో ఆ క్యూబా బృందాలతో సంబంధమున్న అధికారులకు వీసాలు నిరాకరిస్తామని అమెరికా ప్రకటించింది. బార్బడోస్ ప్రధాని మియా మాట్లీ, అప్పటి సెయింట్ విన్సెంట్ ప్రధాని రాల్ఫ్ గొన్సాల్వెస్ బాహాటంగా వ్యతిరేకించారు. ఆ దీవుల్లో జబ్బుపడే పర్యాటకుల్లో అమెరికన్లే ఎక్కువ. వాళ్ల డయాలసిస్ యంత్రం పక్కన నిలబడే నర్సు ఆ విధానం వల్ల లేకుండా పోవచ్చు.

రెండో తేలని సంగతి రుసుము. జమైకా 2005 నుంచి విమానంలో వచ్చే ప్రతి పర్యాటకుడి దగ్గరా, ఓడలో వచ్చేవాడి దగ్గరా టూరిజం అభివృద్ధి నిధికి రుసుము వసూలు చేస్తూ వచ్చింది. ఇలాంటి రుసుములో ఒక వంతు అత్యవసర వైద్యానికి, ఉమ్మడి ఎయిర్ అంబులెన్స్‌కు కట్టాలన్న ఆలోచన నాకు మిగతా అన్నింటికంటే న్యాయంగా కనిపిస్తుంది. బీమా లేనివాడు కూడా అందులో భాగస్వామి అవుతాడు, పాస్‌పోర్ట్ ఏ దేశానిదో చూడరు, కొన్న విమానం స్థానికుడినీ మోస్తుంది. అభ్యంతరాలూ చిన్నవి కావు. దీవుల మధ్య పోటీ ఒకటి. క్రూజ్ కంపెనీల ప్రతిఘటన మరొకటి. వసూలైన డబ్బు ఖజానాలో కలిసిపోతుందన్న అనుమానం ఇంకొకటి. 2013లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్ కేంద్రంగా మొదలైన కరీబియన్ ప్రజారోగ్య సంస్థ హోటళ్లలో, ఓడల్లో వచ్చే అంటువ్యాధుల మీద ఇప్పటికే కలిసికట్టుగా నిఘా పెడుతోంది. సమాచారం పంచుకోగలిగినవారు విమానం పంచుకోలేరా అన్నది రాజకీయ నాయకత్వం తేల్చాల్సిన మాట.

ఆ పంపకం చిన్న స్థాయిలో సేబా దీవిలో ఇప్పటికే నడుస్తోంది. రెండువేల మంది జనాభా, కొండ అంచున నాలుగువందల మీటర్ల రన్‌వే. వాణిజ్య విమానాలు దిగే రన్‌వేల్లో ప్రపంచంలోకెల్లా పొట్టిది అదే. పెద్ద విమానం అక్కడ దిగలేదు. రాత్రి ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే పక్క దీవి సింట్ యూస్టేషియస్ నుంచి హెలికాప్టర్ వచ్చి సింట్ మార్టెన్‌కు తీసుకెళ్తుంది. ముసలి జాలరికైనా, డైవింగ్‌కు వచ్చిన విదేశీయుడికైనా వచ్చేది ఆ ఒక్క హెలికాప్టరే. బిల్లు ఎవరికి పంపాలన్నది ఉదయం చూసుకుంటారు.